సప్లీల వెనక దాగిన జబ్బు

టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డ ఇంజనీరింగ్ విద్యార్థికి మన కాలేజీల్లో ఒక దారి ఉంది. అనంతపురం జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. అది 65 దాకా పడిపోయినా డాక్టరు ఇచ్చిన కాగితం చూపి, రుసుము కట్టి పరీక్షకు కూర్చోవచ్చు. "పాపం, జ్వరంపడి లేచినాడు" అని అధ్యాపకులు కూడా జాలి చూపిస్తారు. అన్ని రోజులే హాస్టల్ గదిలో దుప్పటి ముసుగేసుకొని పడుకున్న ఇంకో విద్యార్థికి డిటెన్షన్ నోటీసు వస్తుంది, ఇంటికి ఫోను పోతుంది. బద్ధకమనీ, ఫోను పిచ్చి అనీ, చెడు సావాసమనీ తలా ఒక మాట అంటారు. రెండో విద్యార్థికి ఉన్నది కూడా జబ్బే కావచ్చు. దాని పేరు డిప్రెషన్, తెలుగులో కుంగుబాటు.

చదువులో వెనకబడినందువల్ల కుంగిపోయారని మనం అనుకుంటాం. చాలాసార్లు జరిగేది దానికి తలకిందులుగా ఉంటుంది. జబ్బు ముందే లోపల మొదలవుతుంది, మిగిలిపోయిన సబ్జెక్టులు దాని లక్షణంగా బయటపడతాయి. ఆ తర్వాత ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. లక్షణాన్ని తిడితే జబ్బు తగ్గదు. జబ్బుకు వైద్యం, చదువుకు దారి, రెండూ ఒకేసారి చూపించాలి. కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులకు అది సాధ్యమే. దానికి కావలసిన శాస్త్రం, ఆసుపత్రులు, చట్టం ఇప్పటికే ఉన్నాయి.

ఈ నేల మీద చదువు మోసే బరువు

కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ 2008లో, కడపలో యోగి వేమన యూనివర్సిటీ 2006లో వచ్చాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. కర్నూలులో కేంద్ర ప్రభుత్వ ట్రిపుల్ ఐటీ డీఎం 2015లో తెరుచుకుంది. ఇరవై ఏళ్లు తిరక్కముందే ఈ రెండు జిల్లాల్లో పెద్ద చదువు ఊరి పొలిమేర దాకా వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడయ్యాక, ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని కుటుంబాల నుంచి వేలమంది పిల్లలు బీటెక్‌లో, డిగ్రీలో, పీజీలో చేరారు. ఇది ఈ ప్రాంతం గర్వపడాల్సిన మార్పు.

అయితే ఆ పిల్లలు ఒంటరిగా రారు, ఇంటి ఆశలన్నీ మోసుకొని వస్తారు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో వానలు తప్పిన ఏడు కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప చేన్లకు సుగ్గికి పోతాయి. కడప వైపు ఎన్నో ఇళ్లల్లో తండ్రో తల్లో కువైట్‌లో పనిచేస్తూ డబ్బు పంపుతుంటారు. అట్లాంటి ఇంటి పిల్లకు ఒక సబ్జెక్టు పోవడం మార్కుల విషయంగా తోచదు. అమ్మ కోసిన మిరపకాయల కూలి, నాయన కట్టే వడ్డీ గుర్తొస్తాయి. ఆడపిల్ల అయితే సబ్జెక్టులు మిగిలిన మరుక్షణం పెళ్లి మాట కూడా మొదలవుతుంది. అందుకే పోయిన సబ్జెక్టు సంగతి ఇంట్లో చెప్పరు. దాచిపెట్టిన ఫలితం వాళ్లను ఇంకా ఒంటరిని చేస్తుంది.

రెండో బరువు భాష. పదో తరగతి దాకా తెలుగులో గణితం చేసిన పిల్లవాడు మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చుంటాడు. పాఠం అర్థం కాక ఆగిపోయాడా, ఇంగ్లీషు అర్థం కాక ఆగిపోయాడా అన్నది అతనికే తెలియదు. తనకు తెలివి లేదన్న నిర్ణయానికి మాత్రం తొందరగా వచ్చేస్తాడు.

మూడోది పోలిక. ఇడుపులపాయలో పదో తరగతి మార్కుల మీద సీటు వస్తుంది. పదిహేను, పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలి ఆరేళ్ల కోర్సులో చేరతారు. మండలంలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల అక్కడ అడుగుపెడితే చుట్టూ అందరూ మొదటి ర్యాంకు వాళ్లే. ఆస్ట్రేలియాలో పనిచేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ 1984లోనే దీన్ని గుర్తించాడు. ఒకే స్థాయి తెలివి ఉన్న ఇద్దరిలో మామూలు బడిలో చదివేవారికి తమ మీద నమ్మకం ఎక్కువ ఉంటుంది, అందరూ తెలివైనవాళ్లే ఉన్న బడిలో చదివేవారికి తక్కువ ఉంటుంది. తెలివి తగ్గలేదు, పోల్చుకునే మనుషులు మారారు. ఈ సంగతి చేరిన మొదటి నెలలోనే పిల్లలకు ఎవరైనా చెబితే చాలా బాధ తప్పుతుంది.

ఇక వయసు. మనిషి జీవితంలో వచ్చే మానసిక జబ్బుల్లో సగానికి పైగా, అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వే ప్రకారం నాలుగింట మూడొంతులు, 24 ఏళ్లలోపే మొదలవుతాయి. 8 దేశాల్లోని 19 కాలేజీల్లో మొదటి ఏడాది విద్యార్థులను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు మూడింట ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. కాబట్టి ఇది రాయలసీమ పిల్లల బలహీనత కాదు. ఏ దేశంలోనైనా కాలేజీ వయసు, ఈ జబ్బు మొదలయ్యే వయసు ఒకటే.

జబ్బు చదువును ఎట్లా తింటుంది

డిప్రెషన్ అంటే బాధ ఎక్కువ కావడం అని చాలామంది అనుకుంటారు. చదువుకు అంతకన్నా పెద్ద దెబ్బ ఆసక్తి చచ్చిపోవడం. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో ఒక ముఖ్యమైన విషయం చూపించారు. డిప్రెషన్ ఉన్న విద్యార్థుల మార్కులు తగ్గుతాయి, చదువు మధ్యలో ఆపేసే అవకాశం పెరుగుతుంది. వాళ్ల లక్షణాల్లో మార్కుల తగ్గుదలతో గట్టిగా ముడిపడింది దేనిమీదా ఇష్టం లేకపోవడం. మన పిల్లలు "యాష్టకొస్తాందప్పా, ఏం చేయబుద్ధి కాలేదు" అంటారే, అదే.

లోపల జరిగేది ఇది. ఒత్తిడి ఎక్కువ కాలం నిలిచిపోతే కార్టిసాల్ అనే హార్మోను తీరు మారుతుంది. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్, పనిని ముక్కలు చేసి వరసలో పెట్టే నుదుటి వెనక ఉన్న మెదడు భాగం దాని ప్రభావానికి లోనవుతాయి. నిద్ర చెదురుతుంది. చదివిన వాక్యాన్ని పట్టుకొని తర్వాతి వాక్యంతో కలిపే శక్తి తగ్గుతుంది. ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదివినా ఏమీ ఎక్కదు. దానికి తోడు మనసు ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతుంది. నేనెందుకు ఇట్లా అయ్యాను, అందరూ ముందుకు పోయారు, నా వల్ల కాదు. ఇట్లా పదేపదే నెమరేసుకోవడం డిప్రెషన్‌ను పొడిగిస్తుందని అమెరికా మనస్తత్వవేత్త సూజన్ నోలెన్ హోక్సెమా దశాబ్దాల పరిశోధనలో చూపించింది.

ఈ స్థితిలో పుస్తకం తెరవడమే నొప్పి. తెరవకుండా ఉంటే ఆ క్షణానికి ఉపశమనం. వాయిదా వేయడం సమయం వాడుకోవడం తెలియక జరిగేది కాదనీ, చెడ్డగా ఉన్న మనసును ఆ క్షణానికి కుదుటపరచుకునే ప్రయత్నమనీ ఫ్యూషియా సిరోయిస్, టిమొతీ పిచిల్ అనే పరిశోధకులు 2013లో వివరించారు. ఆ ఉపశమనం ఒక పూటే. మరుసటి రోజు మిగిలిన పాఠం ఇంకా పెద్దదవుతుంది, సిగ్గు ఇంకా పెరుగుతుంది, క్లాసుకు పోవడం ఇంకా కష్టమవుతుంది. ఇంటర్నల్ పోతుంది, హాజరు పోతుంది, సప్లీ పెరుగుతుంది.

ఈ చక్రం గురించి ఒక పాత పరిశోధన ఉంది. 1967లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మయర్ చేసిన ప్రయోగాల్లో, తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు తర్వాత తప్పించుకునే వీలున్నా కదలలేదు. నిస్సహాయత నేర్చుకున్నాయని అప్పట్లో అనుకున్నారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, మెదడు మీద జరిగిన పరిశోధనల ఆధారంగా 2016లో వాళ్లే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. ఎడతెగని కష్టం ముందు చేతులు వదిలేయడం మెదడుకు సహజంగా ఉన్న స్పందన, దాన్ని ఎవరూ నేర్చుకోనక్కరలేదు. నేర్చుకునేది దానికి వ్యతిరేకమైనది: నా పని వల్ల ఏదో ఒకటి మారుతుందన్న అనుభవం. నుదుటి వెనక ఉన్న మెదడు భాగం ఆ అనుభవాన్ని గుర్తుపెట్టుకొని తర్వాతి కష్టంలో కాపాడుతుంది. విద్యార్థికి దీని అర్థం చాలా పెద్దది. చేతులు వదిలేసినంత మాత్రాన అతను చెడిపోయినట్టు కాదు. తన చేతిలో ఉన్నదనిపించే చిన్న పని ఒకటి మళ్లీ దొరకాలి. వైద్యంలో సగం అక్కడే ఉంది.

రెండు వారాల గీత

పరీక్ష పోయిన రోజు ఏడవడం జబ్బు కాదు. జబ్బును గుర్తుపట్టడానికి వైద్యులు తొమ్మిది లక్షణాలు చూస్తారు. దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర తగ్గడం లేదా మితిమీరడం, ఆకలి మారడం, ఒంట్లో శక్తి లేకపోవడం, తాను పనికిరానిదాన్నన్న భావన, ఏకాగ్రత నిలవకపోవడం, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, చావు గురించిన ఆలోచనలు. వీటిలో ఐదో అంతకన్నా ఎక్కువో దాదాపు ప్రతిరోజూ రెండు వారాలు ఉండి, వాటిలో మొదటి రెండింటిలో ఒకటైనా ఉంటే అది డిప్రెషన్. చావు ఆలోచన ఒక్కటి ఉన్నా రెండు వారాలు ఆగకూడదు, అదే రోజు సాయం అడగాలి.

2001లో వచ్చిన పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఈ తొమ్మిదింటినే అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవాలి. అది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు, వైద్యుడి దగ్గరకు పోవాలో వద్దో తేల్చే కొలబద్ద.

మన దగ్గర ఈ జబ్బు చాలాసార్లు ఒంటి బాధగా మాట్లాడుతుంది. తలనొప్పి, కడుపులో గ్యాస్, గుండె దడ, ఒళ్లు నొప్పులు అంటూ ఆర్‌ఎంపీ దగ్గరకు పోయి గ్లూకోజు ఎక్కించుకొని వస్తారు. దానికి భిన్నంగా, ఒంటి జబ్బే మనసు జబ్బులా కనబడే సందర్భాలు కూడా ఉన్నాయి. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా నీరసం, దిగులు, మందకొడితనం వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కాబట్టి మొదటిసారి ఆసుపత్రికి పోయినప్పుడు రక్తపరీక్ష చేయించుకోవడం అవసరం.

మిగిలిపోయిన ప్రతి సబ్జెక్టూ డిప్రెషన్ వల్లే అనుకోకూడదు. ఇష్టం లేని బ్రాంచిలో చేర్చడం, భాష రాకపోవడం, పాఠం సరిగా చెప్పకపోవడం, చిన్నప్పటి నుంచి ఉన్న ఏకాగ్రత లోపం కూడా కారణాలు కావచ్చు. తేడా తెలిసే గుర్తు ఒకటుంది. చదువు ఒక్కటే పాడైతే కారణం చదువులో వెతకాలి. చదువుతోబాటు క్రికెట్టు, సినిమా, స్నేహితులు, అన్నం, నిద్ర అన్నీ రుచి తప్పితే జబ్బును అనుమానించాలి.

బళ్లారి చూపిన దారి, గోవా తేల్చిన లెక్క

పల్లెల్లో మానసిక వైద్యం ఎట్లా అందించాలో దేశానికి చూపించింది మన పక్క జిల్లానే. 1985లో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, పెద్ద ఆసుపత్రికి పోకుండానే మనసు జబ్బులకు మందులు దొరికేలా చేశారు. దత్త మండలాల్లో ఒకటిగా కర్నూలు, కడపలతో కలిసి ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న బళ్లారిలో రుజువైన ఆ పద్ధతినే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా మొదలుపెట్టి క్రమంగా దేశమంతా తీసుకుపోయారు.

మాటల వైద్యం గురించి గట్టి సాక్ష్యం గోవా నుంచి వచ్చింది. మనోవైద్యుడు విక్రమ్ పటేల్ బృందం అక్కడి 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిని రెండు గుంపులుగా విభజించింది. ఒక గుంపుకు మామూలు వైద్యం, రెండో గుంపుకు దానితోబాటు ఆరు నుంచి ఎనిమిది సార్లు కౌన్సెలింగ్. ఆ కౌన్సెలర్లు మనోవైద్యంలో డిగ్రీలు చేసినవాళ్లు కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలల తర్వాత మామూలు గుంపులో 39 శాతం మంది కోలుకుంటే కౌన్సెలింగ్ గుంపులో 64 శాతం మంది కోలుకున్నారు. ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

ఆ కౌన్సెలింగ్‌లో ముఖ్యమైన భాగం బిహేవియరల్ యాక్టివేషన్. మనసు బాగయ్యాక పని చేద్దామని రోగి ఎదురుచూస్తుంటాడు. ఈ పద్ధతి వరసను తిరగేస్తుంది: ముందు చిన్న పని, తర్వాత మనసు. వాషర్ అరిగిన బోరింగులో ముందు చెంబెడు నీళ్లు పోస్తేనే నీళ్లు పైకి వచ్చినట్టు, ఇష్టం కూడా పని చేసిన తర్వాతే ఊరుతుంది. రోజూ ఒకే వేళకు లేవడం, పొద్దున్నే ఎండ ముదరకముందు ఇరవై నిమిషాలు నడవడం, మెస్సులో నలుగురితో కూర్చొని తినడం, ఒక్క క్లాసుకు పోయి రావడం. చేసిన పనిని, చేశాక మనసెట్లా ఉందో నోటుబుక్కులో రాసుకోవడం. పైకి ఇది చిన్న సలహాలా కనబడుతుంది. మెదడులో మాత్రం నా పని వల్ల ఏదో మారిందన్న అనుభవం రోజుకొకటి పోగవుతుంది.

మందులంటే భయమెందుకు

కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నుంచి ఉంది. కడప రిమ్స్ 2006లో వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీ చీటీ రాయించుకొని పోవచ్చు. అక్కడ డాక్టరు చేసే మొదటి పని వివరంగా అడగడం. నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరికైనా ఇట్లా వచ్చిందా, మితిమీరిన ఉత్సాహంతో నిద్ర లేకుండా గడిపిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అని అడుగుతారు. ఆ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. డిప్రెషన్‌లా కనబడేది బైపోలార్ అయితే మందు వేరు.

జబ్బు ఒక మాదిరిగా ఉంటే కౌన్సెలింగ్ ఒక్కటే చాలవచ్చు. తీవ్రంగా ఉంటే ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటి మందులు రాస్తారు. ఇవి నిద్రమాత్రలు కావు, మత్తుకు అలవాటు చేసేవీ కావు. పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి రావచ్చు. నాలుగు రోజులు వాడి గుణం లేదని మానేయడం, బాగున్నాక ఒక్కసారిగా ఆపేయడం రెండూ పొరపాటే. కోలుకున్నాక కూడా చాలా నెలలు కొనసాగించి డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి. 25 ఏళ్లలోపు వాళ్లలో కొద్దిమందికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో అశాంతి, చావు ఆలోచనలు పెరగవచ్చు. అందుకే ఆ వారాల్లో ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి, మార్పు కనబడితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మొదటి మందు అందరికీ పనిచేయదు, రెండోది పనిచేయవచ్చు.

ఆసుపత్రి సంగతి కాలేజీకి తెలుస్తుందేమోనని భయపడేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని చెబుతోంది. ఇక తాయెత్తులు, దర్గాలు. కడప పెద్ద దర్గాకు పోయినా, ఊరి గుడిలో ముడుపు కట్టినా మనసుకు ఊరట దొరికితే దాన్ని ఎవరూ కాదనక్కరలేదు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో ప్రార్థనకు వచ్చినవాళ్లకు అక్కడే వైద్యం కూడా అందించే పద్ధతి నడిచింది. మొక్కు తీర్చుకొని అట్నుంచి ఆసుపత్రికి పోవడమే మనమూ అలవాటు చేసుకోవాల్సింది.

మిగిలిన సబ్జెక్టుల లెక్క

వైద్యం మొదలయ్యాక చదువును కూడా చేతిలోకి తీసుకోవాలి. ముందుగా లెక్క కాగితం మీదకు రావాలి. డిప్రెషన్‌లో మనసు అంకెలను పెద్దవి చేసి చూపిస్తుంది. స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఏ సబ్జెక్టులు మిగిలాయి, ఒక్కోదానికి ఎన్ని క్రెడిట్లు, ఇంటర్నల్స్‌లో ఎన్ని మార్కులు ఉన్నాయి, గట్టెక్కడానికి ఇంకా ఎన్ని కావాలో రాసుకోవాలి. జేఎన్‌టీయూలో నాలుగేళ్ల బీటెక్‌ను పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల దాకా గడువు ఉంది. అంతా పోయిందనిపిస్తున్నప్పుడు యూనివర్సిటీ నిబంధనల పుస్తకమే ఇంకా సమయం ఉందని చెబుతోంది. జబ్బు వల్ల కొంతకాలం చదువు ఆపి తిరిగి చేరే వీలు కూడా చాలా కాలేజీల నిబంధనల్లో ఉంది. దాన్ని దరఖాస్తు పెట్టి, కాగితం తీసుకొని చేయాలి. చెప్పకుండా ఊరికి పోయి కూర్చుంటే హక్కులు పోతాయి.

రెండో పని, ఈసారికి అన్నీ రాయాలనుకోకుండా ఒకటో రెండో సబ్జెక్టులు ఎంచుకోవడం. అందులో ఒకటి తేలికైనది కావాలి. ఒక్క సప్లీ క్లియర్ అయితే వచ్చేది మూడు క్రెడిట్లు మాత్రమే కాదు, నా చేతిలో కూడా పని జరుగుతుందన్న రుజువు.

మూడోది చదివే పద్ధతి. పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదవడం కన్నా మూసి గుర్తు తెచ్చుకోవడం ఎక్కువ నిలుస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 40 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి మూడుసార్లు గుర్తు తెచ్చుకొని రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. ఏకాగ్రత తక్కువగా ఉన్న రోజుల్లో పాత ప్రశ్నపత్రంలోంచి ఒక ప్రశ్న తీసుకొని, ఇరవై నిమిషాలు జవాబు రాసి, పుస్తకంతో సరిచూసుకొని ఆపేస్తే చాలు. ఇంగ్లీషు అడ్డం పడితే ముందు తెలుగులో అర్థం చేసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నాలుగోది తనను తాను క్షమించుకోవడం. కెనడాలో మొదటి ఏడాది విద్యార్థుల మీద 2010లో వచ్చిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లే రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టుకుంటే పట్టుదల పెరుగుతుందని మనం నమ్ముతాం, జరిగేది మాత్రం దానికి భిన్నం.

పక్కనున్నవాళ్లు ఏం చేయాలి

రూమ్మేట్‌కు అందరికన్నా ముందు తెలుస్తుంది. స్నానం మానేయడం, మెస్సుకు రాకపోవడం, రాత్రంతా మేలుకొని పగలు పడుకోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నేను లేకపోతే అందరికీ బాగుంటుందనడం కనబడితే ఊరుకోకూడదు. "రేయ్, నాలుగు దినాల్నుంచి మెస్సుకు రాలేదు నువ్వు. ఏమైందో చెప్పు, నేను యాడికీ పోను" అంటే చాలు. అనుమానం ఉంటే "చచ్చిపోదామనిపిస్తాందా?" అని సూటిగానే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. అమెరికాలో హైస్కూలు పిల్లల మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం అట్లా ఏమీ జరగదని తేల్చింది. ఔననే జవాబు వస్తే ఒంటరిగా వదలకూడదు, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు. వార్డెన్‌కో ఇంటివాళ్లకో చెప్పి అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సీనియర్లకు ఒక ప్రత్యేకమైన శక్తి ఉంది. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో టిమొతీ విల్సన్, ప్యాట్రీషియా లిన్‌విల్ చేసి 1982లో ప్రచురించిన చిన్న ప్రయోగంలో, మార్కుల గురించి బెంగపడుతున్న మొదటి ఏడాది విద్యార్థులకు, మొదట్లో తక్కువ మార్కులు రావడం మామూలేననీ తర్వాత పెరుగుతాయనీ సీనియర్ల మాటల్లోనే చూపించారు. రెండో ఏడాది చివరికి వాళ్లలో 5 శాతం మందే చదువు వదిలేశారు. ఆ మాట వినని గుంపులో 25 శాతం మంది వదిలేశారు. నాకు కూడా ఒకప్పుడు నాలుగు సబ్జెక్టులు ఉండిపోయాయని ఉద్యోగం చేస్తున్న సీనియర్ ఒకరు వచ్చి చెప్పడానికి ఖర్చేమీ కాదు.

తల్లిదండ్రులకు శాస్త్రం చెప్పే సలహా వాళ్ల మాటల్లోనే ఉంది: "పోతే పోనీలే నాయనా, పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు. ముందు అన్నం తిను, రేపు ఇద్దరం ఆసుపత్రికి పోదాం." చేను ఎండిన ఏడు కూడా మళ్లీ దుక్కి దున్నిన వాళ్లకు ఆ మాట అనడం చేతకానిది కాదు.

ఇక కాలేజీల వంతు

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వాటిలో 2,248 మరణాలకు పరీక్ష తప్పడమే కారణంగా నమోదైంది. పోలీసు కాగితంలో రాసే ఒక్క కారణం వెనక ఎన్నో ఉంటాయి, గుర్తించని జబ్బు వాటిలో ముఖ్యమైనది. ఈ అంకెలను ప్రస్తావిస్తూ 2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో వైద్య విద్య ప్రవేశ పరీక్షకు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం మీద ఆమె తండ్రి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని ప్రతివాదిగా చేర్చి వేసిన కేసు అది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఇచ్చిన ఆ తీర్పులోని 15 మార్గదర్శకాలు చట్టం వచ్చేదాకా అన్ని విద్యాసంస్థలకూ వర్తిస్తాయి. విద్యార్థులు నూరుమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను వేరుచేయకూడదు, అందరి ముందు అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి.

కర్నూలు, కడప కాలేజీలు దీనికి మూడు పనులు జోడించాలి. హాజరు మినహాయింపు ఇచ్చేటప్పుడు మనోవైద్యుడి కాగితాన్ని జ్వరం కాగితంతో సమానంగా చూడాలి. హాజరు వరసగా రెండు వారాలు పడిపోయిన విద్యార్థికి నోటీసు పంపేముందు మెంటర్ ఒకసారి కూర్చొని మాట్లాడాలి. డిటెన్షన్ జాబితా గోడకు అంటించే రోజున ఆ జాబితాలోని ప్రతి పేరుకూ తర్వాత ఏం చేయవచ్చో చెప్పే మనిషి ఒకరు ఆఫీసులో ఉండాలి. వీటిలో దేనికీ కొత్త భవనాలు అక్కరలేదు.

ఇది చదువుతున్నవాళ్లలో గది తలుపు వేసుకొని కూర్చున్న విద్యార్థి ఎవరైనా ఉంటే ఈ మాట మీకే. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రైనా పగలైనా, డబ్బులు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రమాదం అనిపిస్తే 108కి చేయండి. మీకు ఉన్నది పేరున్న జబ్బు, దానికి వైద్యం ఉంది. యూనివర్సిటీ మీకు ఇంకా గడువు ఇచ్చే ఉంది. మిగిలిన సబ్జెక్టులను తర్వాత ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు. ఈ రోజు చేయాల్సింది ఒక్క ఫోను.